మా వదిన ఒంటరి గీతలు

మా వదిన ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. మబ్బుల మీద గీతలు గీస్తుంది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నీటి మీద రాతలు విన్నాం గానీ మబ్బు మీద గీతలేమిటమ్మా అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అడగడం దేనికి, చెప్పాక నవ్వడం దేనికి? నేను వేళాకోళమాడలేదు. ఆవిడ నిజంగా చేసేది ఆ పనే, నెల తిరిగేసరికి జీతం తెచ్చుకునేదీ దానికే.

ఆ ఉద్యోగం వేయించింది నేనే కాబట్టి దాని మంచిలోనూ చెడులోనూ నాకు వాటా ఉంది. నేను ఒక పరిశోధన సంస్థలో రిసెప్షన్‌లో కూర్చుంటాను. మూడంతస్తుల మేడ, గాజు తలుపు పక్కన నా బల్ల. వచ్చినవాళ్ల చేత సంతకం పెట్టించుకోవడం, ఫోన్లు కలపడం, టపా విడదీయడం నా పనులు. ఒకరోజు రెండో అంతస్తు నుంచి పెద్ద మేడమ్ దిగివచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. గాలిలో తేలే పొగ, ధూళి, మసి వల్ల భూమి ఎంత వేడెక్కుతోంది, ఎంత చల్లబడుతోంది అని ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో వెతికే విభాగానికి ఆవిడ అధిపతి.

"మీకు తెలిసినవాళ్లలో చూపు బాగున్నవాళ్లు, విసుగు తక్కువ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

విసుగు తక్కువ అన్నాక నా పేరు ఎలాగూ చెల్లదు. వదిన పేరు చెప్పాను.

అప్పటికి వదిన ఇంట్లో కూర్చుని బట్టల దుకాణానికి కుట్టుపూల నమూనాలు గీసేది. పల్చటి కాగితం మీది తీగలూ ఆకులూ గుడ్డ మీదికి పెన్సిలుతో ఎక్కించాలి. నాకైతే గుడ్డ కింద ఉన్న కాగితం మీది గీత కనబడేదే కాదు. ఆవిడకు కనబడేది. కళ్లు అలాంటివి. ఇక ఓపిక సంగతి చెప్పాలంటే ముందు మా అన్నయ్య సంగతి చెప్పాలి.

అన్నయ్య సరుకుల ఓడలో, ఇంజిను గదిలో పనిచేస్తాడు. యంత్రాలకు నూనె పట్టడం, వేడి చూడటం, తుడవడం. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీద, మూడు నెలలు ఇంట్లో. అప్పటికి వాళ్ల పెళ్లయి ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నది ఏడాదీ మూడు నెలలు. లెక్క నాది కాదు, ఆవిడదే. అడగకుండానే చెప్పేది, రోజులతో సహా. ఆడపడుచు అర్ధమొగుడని సామెత. అసలు మొగుడు ఇంట్లో లేనప్పుడు ఆ అర్ధంతోనే సరిపెట్టుకోవాలి కదా. పై వాటాలో రెండు గదుల్లో మేమిద్దరం ఉండేవాళ్లం. నేను పెళ్లి చేసుకోలేదు, అది వేరే గొడవ.

పనిలో చేరిన రోజున పెద్ద మేడమ్ ఆవిడకు చెప్పిన సంగతి సాయంత్రం ఆవిడ నాకు చెప్పింది. నేను అక్కడ పనిచేస్తూ ఆరేళ్లయినా ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సముద్రం మీద తక్కువ ఎత్తులో మబ్బు దుప్పటి పరిచినట్టు ఉంటుందట. ఆవిరి నీటిబొట్టుగా మారాలంటే పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి. కింద ఓడ పోతూ పొగ వదిలితే ఆ పొగలోని నలుసులు లక్షలకొద్దీ మబ్బులోకి చేరతాయి. ఉన్న నీరే అన్నీ పంచుకోవాలి, అందుకని బొట్లు చిన్నవైపోతాయి. చిన్న బొట్ల మబ్బు ఎక్కువ తెల్లగా ఉంటుంది, ఎక్కువ ఎండను వెనక్కి తిప్పికొడుతుంది.

"పంచదార చూడు" అంది వదిన. "పలుకుల్ని పొడి చేస్తే ఎంత తెల్లబడుతుందో. అంతే."

అలా ఓడ పోయిన దారివెంట మబ్బు మీద తెల్లటి గీత పడుతుంది. ఓడలో వాళ్లకు అది కనబడదు, తీరం మీద వాళ్లకూ కనబడదు. మన కంటికి అందని వెలుగులో కూడా చూడగలిగే ఉపగ్రహానికి కనబడుతుంది. అది రోజుకోసారి, అక్కడి మధ్యాహ్నం ఒకటిన్నరకు సముద్రం మీదుగా పోతూ బొమ్మ తీస్తుంది. మర్నాటి పొద్దుటికి ఆ బొమ్మ రెండో అంతస్తుకు చేరుతుంది. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ చెదిరిపోయిందో మనుషులు చేత్తో గీసిపెట్టాలి. అలా వేలకొద్దీ గీశాక, వాటిని చూసి కంప్యూటరు నేర్చుకుంటుంది. పొగ భూమికి ఎంత గొడుగు పట్టిందో అప్పుడు లెక్క తేలుతుంది.

గీసేవాళ్లు ముగ్గురు. వదిన, సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన ఒకాయన, కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి. మధ్యలో అట్ట తడికెలు పెట్టి ఒకరి తెర ఒకరికి కనబడకుండా కూర్చోబెట్టేవాళ్లు. ఒకే బొమ్మ ముగ్గురికీ ఇచ్చేవాళ్లు. ఇద్దరైనా ఒకే చోట గీస్తేనే ఆ గీత లెక్కలోకి వచ్చేది. ఒక్కరే గీసిన దాన్ని ఒంటరి గీత అనేవాళ్లు, దాన్ని తీసి పక్కన పడేసేవాళ్లు. ఎవరి కన్ను ఎప్పుడు మోసం చేస్తుందో తెలియదు కదా. ఏ ఓడ ఏ రోజు ఎక్కడుందో చెప్పే జాబితా పెద్ద మేడమ్ గదిలో బీరువాలో ఉండేది. గీసేవాళ్లు దాని వంక చూడకూడదు. అక్కడ ఓడ ఉందని తెలిస్తే లేని గీత కూడా కనబడుతుందట. గోడ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉండేది: చూసిందే గీయండి, తెలిసింది గీయకండి.

చెప్పడం అయ్యాక వదిన కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"అయితే మీ అన్నయ్య పొగ కూడా పడుతుందంటావా?" అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పుకి నూనె పట్టేది మా అన్నయ్యే. ఆయన పొగ పడక ఎక్కడికి పోతుంది?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక అలవాటు ముందునుంచే ఉంది. ఓడలో భోజనాల గదిలో ఒక బోర్డు ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఓడ ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం దాని మీద రాస్తారు. అన్నయ్య ఆ అంకెలు తన డైరీలో రాసుకుని, సిగ్నలు దొరికినప్పుడు వదినకు పంపేవాడు. ప్రేమలేఖలు రాయడం చేతకాని మనిషి ఆయన. బాగున్నావా, తిన్నావా, ఆ తర్వాత రెండు అంకెలు. వదిన వాటిని పట్టుకుని గోడమీది ప్రపంచపటంలో గుండుసూది గుచ్చేది. ఉద్యోగంలో చేరాక ఆ అంకెలు చూడకూడదు కదా అని ఒక నెల చూడలేదు. అన్నయ్యను పంపొద్దంది కూడా. నెల గడిచేసరికి మనిషి సగమైంది.

"చూస్తే ఏమవుతుంది? నువ్వేం దొంగతనం చేస్తున్నావా?" అని మళ్లీ నేనే అన్నాను.

మళ్లీ పంపమంది, చూసింది. మర్నాటి బొమ్మలో సరిగ్గా ఆ అంకెల దగ్గర, వేలెడు పొడవున, తెల్లటి గీత. దాని మొదట్లో అన్నయ్య. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా "చూశానే" అంది. ఏడుస్తూ నవ్వింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చేస్తాం, తోడబుట్టినవాడు.

నాలుగేళ్లు అలా సాగింది. ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎందుకంటే ఆ గీత మిగతా ఇద్దరికీ కనబడేది. వాళ్లూ గీసేవాళ్లు. వాళ్లకది వందల్లో ఒకటి, ఈవిడకు వందల్లో అదొక్కటే. మబ్బు లేని రోజున గీత ఉండదు. ఆ రోజు వదిన ముభావంగా ఉండేది. మొగుడితో పోట్లాట అయినట్టు ఉండేది. "ఏం, ఇవాళ మా అన్నయ్య రాలేదా?" అని నేను ఏడిపించేదాన్ని.

అదిగో అప్పుడు ప్రపంచంలోని ఓడలన్నిటికీ ఇంధనం మార్చారు. గంధకం ఎక్కువున్న మడ్డినూనె కాల్చకూడదు, శుభ్రమైన నూనె వాడాలని కొత్త నియమం. ఏడాది మొదటి తేదీ నుంచి అమలు. మంచిదే. రేవు ఊళ్లలో దగ్గులూ ఆయాసాలూ తగ్గుతాయన్నారు. కానీ రెండో అంతస్తులో బొమ్మలు బోసిపోయాయి. గీతల్లేవు. యాభై ఉండే చోట పది, పది ఉండే చోట ఒకటీ అరా. పెద్ద మేడమ్ మాత్రం నిద్రాహారాలు మాని పనిచేశారు. ఇన్నాళ్లూ ఆ తెల్లదనం కొంత ఎండను ఆపింది, ఇప్పుడు గొడుగు తీసేశారు, దాచుకున్న వేడి ఎంతో బయటపడుతుంది, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు అనేవారు. ఆవిడ తొందర ఆవిడది. మా వదిన గీత పోయింది. దాని సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

పోతే పోయింది, అన్నయ్యే వచ్చేస్తాడు కదా అనుకున్నాం. ఎక్కి ఆరునెలలైంది, ఇంకో మూడు నెలల్లో దిగాలి. సరిగ్గా అప్పుడే ఆ రోగం వచ్చిపడింది. రేవులన్నీ తలుపులు మూసుకున్నాయి. సరుకు దింపుకోవడానికి అందరూ సిద్ధమే, మనిషిని దింపుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. తొమ్మిది నెలలు పదకొండయ్యాయి, పదమూడయ్యాయి. ఇదిగో వచ్చే రేవులో దింపుతారంటాడు అన్నయ్య. ఆ రేవు దాటిపోతుంది. కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడటం అంటే ఏమిటో నేను ఆ ఏడాది ఎదురుగా చూశాను. వదిన బీరువా తెరిచి ఆయన చొక్కాలు తీసేది, మళ్లీ మడతపెట్టేది. ఉతికినవే మళ్లీ ఉతికేది. ఒకరోజు నాకు చిరాకేసి "రంగు పోతుంది, వదినా" అన్నాను. "పోనీ" అంది.

పదహారో నెల దాటాక చల్లని కబురు వచ్చింది. ఓడను ఇంటివైపు తిప్పారు, ఈసారి ఖాయం అన్నాడు అన్నయ్య. అంకెలు రోజురోజుకూ దగ్గరవుతున్నాయి. పైగా అప్పటినుంచి ఫోన్లు కూడా రోజూ వచ్చేవి, గొంతు పక్కగదిలో ఉన్నట్టు వినిపించేది. ఓడలో కొత్త మిషను పెట్టారన్నాడు. గోడమీది పటంలో గుండుసూదులు వరసగా మావైపు నడిచొస్తున్నాయి. ముప్పై ఎనిమిది రోజులు వచ్చాయి, ఇంకో వారంలో మా రేవు. ఇంట్లో కర్టెన్లు ఉతికాం. నేను నా పరుపు ముందుగదిలోకి లాక్కున్నాను.

పెద్ద మేడమ్ వదినను పిలిచింది ఆ వారంలోనే.

ఆవిడ గదిలో ఏం జరిగిందో వదిన నాకు దాచకుండా చెప్పింది. మేడమ్ కాగితాలు ముందు పరిచారట. కొత్త ఇంధనం వచ్చాక ముగ్గురి గీతలూ బాగా తగ్గాయి. వదినవి మాత్రం మబ్బున్న రోజు తప్పకుండా ఒకటి ఎక్కువ. ఒక్కటే. ఒంటరి గీత. ఏడాదిలో రెండు వందల పైచిలుకు ఒంటరి గీతలు, పటం మీద పెడితే అన్నీ కలిసి ఒకే ఓడ నడిచిన దారిలా ఉన్నాయి.

"ఇవి మీరు చూసి గీశారా, తెలిసి గీశారా?" అని అడిగారు మేడమ్.

చూశానని చెబితే సరిపోయేది. ఈవిడ కళ్ల సంగతి అందరికీ తెలుసు, నమ్మేవాళ్లే. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నా కొన్నాళ్లు గడిచేది. ఆవిడ అలా చేయలేదు.

"తెలిసి గీశాను మేడమ్. గీత కనబడలేదు. మా ఆయన అక్కడ ఉన్నారని తెలుసు. ఉన్నప్పుడు గీయకుండా ఉండలేకపోయాను" అంది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. ఐదేళ్లుగా ఆవిడ గీసినవన్నీ, పదకొండు వేల గీతలు, అన్నీ పక్కన పెట్టమన్నారు మేడమ్. ఏది చూసిందో ఏది తెలిసిందో ఎలా విడదీస్తారు? రేపటినుంచి తెర ముందు కూర్చోవద్దన్నారు. వదిన కిందికి వచ్చి నా బల్ల పక్కన టపా సంచుల దగ్గర కూర్చుంది.

"పోనీలే. మీ అన్నయ్య వస్తున్నారుగా" అంది.

రెండు రోజులు ఇంట్లోనే ఉంది. మూడో రోజు పొద్దున మేడమ్ నాకు ఫోన్ చేసి "మీ వదినగారిని తీసుకురండి, మీరూ రండి" అన్నారు. ఉద్యోగం వేయించినందుకు నా మీద కూడా వచ్చిందనుకున్నాను. వెళ్లేసరికి మేడమ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖంలో కోపం లేదు.

"మీరు చేసింది తప్పే. అది మారదు" అన్నారు ముందు. "కానీ ఊరుకోలేక ఒకటి చూశాను. మీరు గీసిన ప్రతి గీత దగ్గరా మబ్బు ఎంత తెల్లగా ఉందో, దానికి అటూ ఇటూ ఎంత తెల్లగా ఉందో కొలిచి, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. విడిగా చూస్తే ఏమీ లేదు. రెండొందలు కలిపితే ఉంది. చాలా కొంచెం, కానీ ఉంది. పొగ సన్నబడింది, పోలేదు. కంటికి కనబడనంత పల్చటి గీత అక్కడ ఉంది."

వదిన బల్ల అంచు పట్టుకుంది. "అంటే ఆయన గీత..."

"ఉంది. మేం గీత కనబడితేనే ఓడ ఉందనుకుంటున్నాం. ఓడ ఎక్కడుందో ముందు తెలుసుకుని, అక్కడ మబ్బును కొలవాలని మాకు తట్టలేదు. మీ తప్పు చూశాక తట్టింది."

నాకు గర్వంగా అనిపించింది. ఇంత చెప్పి ఈవిడను మళ్లీ పనిలోకి పిలుస్తారని కూడా అనుకున్నాను. మేడమ్ మాత్రం రెండో కాగితం తీశారు. దాని మీద గీసిన గీత చచ్చిన నాడిలా చదునుగా ఉంది.

"ఇదొక్కటే అర్థం కావడం లేదు. చివరి ముప్పై ఎనిమిది రోజులు. అందులో మబ్బున్నవి పంతొమ్మిది. పంతొమ్మిది తక్కువే, అయినా ఎంతో కొంత రావాలి. ఏమీ రాలేదు. అక్కడి మబ్బుకీ పక్క మబ్బుకీ తేడా లేదు. మీ చెయ్యీ అదే, పద్ధతీ అదే. అప్పుడు వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. ఆ చోట్ల ఏ ఓడా పోలేదు."

"అయితే ఆయన ఎక్కడున్నారు మేడమ్?" అంది వదిన.

బీరువాలోని జాబితాలోకి ఆ రోజులవి ఇంకా రాలేదన్నారు మేడమ్.

ఇద్దరం మెట్లు దిగాం. నా బుద్ధి ఎప్పుడూ వంకరగానే పోతుంది. మగవాడు ఉన్నచోటు దాచాడంటే ఏదో ఊళ్లో ఇంకెవరో ఉన్నారనుకున్నాను. నా తోడబుట్టినవాణ్ణే అనుమానించాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వదినకు అలాంటి ఆలోచన రాలేదని తర్వాత చెప్పింది. ఆవిడకొచ్చింది ఒకటే ప్రశ్నట. ఇంకో నాలుగు రోజుల్లో వస్తారా, రారా?

అన్నయ్య రోజూ భోజనాల వేళ ఫోన్ చేసేవాడు. వచ్చినవాళ్లు కూర్చునే చిన్నగదిలో తలుపు దగ్గరికి వేసి, ఫోను బల్ల మీద పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. మోగింది. స్పీకరు నొక్కింది వదిన.

"తిన్నావా?" అన్నాడు అన్నయ్య. గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టే ఉంది.

"ఎక్కడున్నారు?"

"పొద్దున పంపాగా. చూడలేదా?"

"చూశాను. అక్కడ మీరు లేరు."

"లేకపోతే ఎక్కడుంటాను? నీకేమైంది ఇవాళ?"

"నిన్నా లేరు. మొన్నా లేరు. ఇటు బయల్దేరామన్న రోజు నుంచీ, నలభై ఒక్క రోజులుగా లేరు. మీరు పోయిన చోట మబ్బు కొంచెం తెల్లబడుతుందండీ. మా మేడమ్ కొలిచారు. ఏడాదంతా తెల్లబడింది, ఈ నలభై రోజుల్లో తెల్లబడలేదు. మీరెక్కడున్నారో చెప్పండి."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. నేను తట్టుకోలేక "అన్నయ్యా, ఏం వెధవ వేషాలేస్తున్నావో చెప్పు" అని అరిచాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లంగరేసి ఉన్నాం" అన్నాడు అన్నయ్య చివరికి. ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరు మా రేవుకు భూమి అవతలి వైపు. "రెండు మైళ్ల దూరంలో ఒడ్డు. ఇళ్లు కనబడుతుంటాయి, బట్టలారేసుకోవడం కనబడుతుంది. వాళ్ల ఫోను టవరు సిగ్నలు అందుతుంది, అందుకే రోజూ చేయగలుగుతున్నాను. దిగనివ్వడం లేదు, పోనివ్వడం లేదు. ఎప్పుడు కదులుతామో కెప్టెనుకే తెలియదు."

"మరి ఆ అంకెలు?"

"మూడేళ్ల కింద నేను ఇంటికొచ్చానే, ఆ దారి. అప్పటి డైరీ నా దగ్గరే ఉంది. అందులోంచి చూసి రోజుకొకటి పంపాను."

నేనే అడిగాను. "ఎందుకురా అన్నయ్యా?"

"ఆగిన ఓడకు గీత పడదు కదమ్మా. ఇంజిను ఆపేశాం. మీ వదిన రోజూ నా కోసం ఒక గీత గీస్తానని చెప్పింది. రోజూ ఒకే అంకె పంపితే ఏం గీసుకుంటుంది? కనీసం ఏదో ఒకటి గీసుకోనీ అనుకున్నాను. మొదటి రెండు రోజులే అనుకున్నాను. వస్తున్నారా, దగ్గరికొచ్చారా అని సంతోషంగా అడిగేది. ఆపడం చేతకాలేదు. డైరీలో ఇంకా నాలుగు రోజులే మిగిలాయి. ఐదో రోజు ఏం పంపాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకోవడానికని తెలుస్తూనే ఉంది. బయట ఎవరో గంట నొక్కారు, నేను లేవలేదు. తర్వాత కొంగు దించి ఆవిడ ఫోను దగ్గరికి వంగింది.

"ఉన్నచోటే పంపండి" అంది. "గీత నేను చూసుకుంటాను. మీరు మాత్రం నిజంగా ఉన్నచోటు పంపండి."

మర్నాడు పొద్దున అంకెలు వచ్చాయి. వదిన గోడ దగ్గరికి వెళ్లి నలభై ఒక్క గుండుసూదులూ ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసింది. పటంలో ఎక్కడో దూరాన, కుర్చీ ఎక్కితే గానీ అందని చోట, ఒక్కటి గుచ్చింది. కుర్చీ నేను పట్టుకున్నాను. తర్వాతి రోజూ అవే అంకెలు, ఆ తర్వాతి రోజూ అవే. అవే అని తెలిసి కూడా ప్రతి పొద్దునా కుర్చీ లాక్కుని ఎక్కేది, ఫోనులో అంకెలు ఒకసారి, పటం మీద ఒకసారి సరిచూసుకుని దిగేది. అలా తొంభై మూడు రోజులు, ఓడ లంగరెత్తేదాకా. అన్ని రోజుల్లో ఒక్కరోజైనా మా వదిన ఆ మెసేజి చూడకుండా కాఫీ తాగలేదు.